వృద్ధుల గడపకు అన్నం: స్వచ్ఛంద భోజన సేవ తీరుతెన్నులు

తెలుగునాట అన్నదానం ఎవరో వచ్చి నేర్పవలసిన విద్య కాదు. 1866 నాటి డొక్కల కరవులో నేటి నంద్యాల జిల్లా ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిపించి ఆకలిగొన్న జనానికి అన్నం పెట్టించారు. ఆ సేవకు గుర్తింపుగా ఆనాటి ఆంగ్ల ప్రభుత్వం ఆయనకు బంగారు పతకం బహూకరించింది. గోదావరి పాయల నడుమ లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) వేళాపాళా చూడక బాటసారులకు వండి వడ్డించారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో పాఠశాలల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. రాయలసీమలో అవధూత కాశినాయన పేరిట నడిచే సత్రాలలో నేటికీ నిత్యాన్నదానం సాగుతున్నది. తిరుమలలో 1985లో ఆరంభమైన నిత్యాన్నదాన పథకం గురించి తెలియని తెలుగువారు ఉండరు.

ఈ మహనీయ సంప్రదాయాలన్నింటిలోనూ ఒక సామాన్య లక్షణం కనిపిస్తుంది. ఆకలిగొన్నవారు నడిచి వస్తారు, అన్నం పెట్టేవారు అక్కడే ఉంటారు. బాటసారి అరుగు మీదకు వచ్చి కూర్చుంటాడు, యాత్రికుడు పంక్తిలో నిలబడతాడు. అయితే నేటి పట్టణాలలో, పల్లెలలో అన్నానికి అందరికంటే దూరంగా ఉన్న మనిషి నడవలేని మనిషి. మంచం దిగి, గొళ్లెం తీసి, వీధి చివరి వరకు వెళ్లలేని వృద్ధురాలికి ఊరిలో ఎన్ని అన్నదాన శిబిరాలు వెలసినా ఒక్క ముద్ద అందదు. అన్నమే గడప దాటి ఆమె వద్దకు వెళ్లాలి. ఈ పనిని ప్రతిఫలాపేక్ష లేకుండా చేస్తున్నవారు ఎందరో ఉన్నారు. చేయాలని ఉన్నా ఎలా చేయాలో తెలియనివారు అంతకంటె ఎక్కువ మంది ఉన్నారు. ఈ సేవ ఎందుకు అవసరమైనదో, ఎలా జరిగితే నిజంగా ఉపయోగపడుతుందో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఎవరీ వృద్ధులు?

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 60 సంవత్సరాలు పైబడినవారు 10 కోట్ల 38 లక్షల మంది. 2021 నాటికి ఆంధ్రప్రదేశ్ జనాభాలో వీరి వాటా సుమారు 12.4 శాతానికి చేరుతుందని కేంద్ర గణాంక శాఖ నివేదిక అంచనా వేసింది. జాతీయ సగటు కంటె ఇది ఎక్కువ. 2017–18లో దేశవ్యాప్తంగా జరిగిన వార్ధక్య అధ్యయనం ప్రకారం వృద్ధులలో సుమారు 6 శాతం మంది ఏకాకులుగా జీవిస్తున్నారు. వీరిలో స్త్రీల సంఖ్యే అధికం. భర్త వయసులో పెద్దవాడై ముందుగా కన్నుమూయడం, ఆస్తిపాస్తులు ఆమె పేరిట లేకపోవడం ఇందుకు ప్రధాన కారణాలు.

వీరందరినీ నిరుపేదలన్న ఒకే మాటలో కట్టిపెట్టడం సరికాదు. కూలికి వెళ్లిన శరీరం సహకరించక, పిల్లలు లేక, లేదా ఉన్న పిల్లలూ వలస పోయి, పింఛనుపై ఆధారపడినవారు ఒక వర్గం. వీరిని గుర్తించడం సులభం, ఊరందరికీ తెలుసు. రెండవ వర్గం వారి ఇంటికి తలుపులుంటాయి, తలుపులకు పరదాలుంటాయి. పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉంటారు. బ్యాంకులో డబ్బు ఉంటుంది. కాని పొయ్యి ముందు నిలబడే శక్తి ఉండదు. ఉదయం కాచిన పాలు, రెండు బిస్కట్లు, రాత్రికి మిగిలిన మజ్జిగ, ఇదే వారి భోజనం. చేయి చాచి అడగడం వారికి అలవాటు లేదు, కాబట్టి ఏ జాబితాలోనూ వారి పేర్లు ఎక్కవు. ఇక మూడవ వర్గం దంపతులు. భార్య మంచాన పడితే, జీవితంలో ఎన్నడూ అన్నం వార్చి ఎరుగని భర్త 75వ ఏట వంట నేర్చుకుంటున్నాడు. ఇటువంటి ఇళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నాయి.

బియ్యం వేరు, అన్నం వేరు

వృద్ధులను ఆదుకోవడం దయాధర్మాలకు వదిలివేసిన విషయం కాదు. వృద్ధాప్యంలో ప్రజా సహాయం కల్పించాలని రాజ్యాంగం 41వ అధికరణం ఆదేశిక సూత్రంగా పేర్కొన్నది. 1995 ఆగస్టు 15న జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం ఆరంభమైంది. పింఛనుకు అర్హత ఉండీ అందని 65 ఏళ్ల పైబడిన వృద్ధులకు నెలకు 10 కిలోల ధాన్యం ఉచితంగా ఇచ్చే అన్నపూర్ణ పథకం 2000 ఏప్రిల్‌లోను, నిరుపేద కుటుంబాలకు అంత్యోదయ అన్న యోజన అదే సంవత్సరం డిసెంబరులోను వచ్చాయి. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ఆహార ధాన్యాన్ని హక్కుగా మార్చింది. అంత్యోదయ కుటుంబానికి నెలకు 35 కిలోలు, ప్రాధాన్య కుటుంబాలలో మనిషికి 5 కిలోలు చట్టం నిర్ణయించిన పరిమాణం. 2023 జనవరి నుంచి ఈ ధాన్యాన్ని ఉచితంగానే ఇస్తున్నారు.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు రూ.4,000 చొప్పున సచివాలయ సిబ్బంది ద్వారా ఇంటి వద్దనే అందుతున్నది. 2025 జూన్‌లో రేషను పంపిణీ తిరిగి చౌకధరల దుకాణాలకు మారినప్పుడు 65 ఏళ్లు దాటినవారికి, దివ్యాంగులకు సరుకులు ఇంటికే చేర్చే ఏర్పాటు చేశారు. ఈ విధంగా డబ్బు, బియ్యం గడప వరకు వస్తున్నాయి. అక్కడి నుంచి కంచం వరకు ఉన్న దూరమే మిగిలింది. బియ్యం కడిగి, ఎసరు పెట్టి, గంజి వార్చి, పప్పు ఉడికించి, గిన్నెలు తోమే శక్తి లేని చేతులకు 35 కిలోల బియ్యం బస్తా మూలన పెట్టి ఉన్నా ఆకలి తీరదు.

పట్టణాలలో రూ.5కే భోజనం పెట్టే కేంద్రాలు ఉన్నాయి. హైదరాబాదులో 2014లో, ఆంధ్రప్రదేశ్‌లో అన్న క్యాంటీన్ల పేరుతో 2018లో ఇవి మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మూతపడి 2024 ఆగస్టులో తిరిగి తెరుచుకున్నాయి. రోజు కూలీలకు, ఆసుపత్రులకు వచ్చే గ్రామీణులకు, విద్యార్థులకు వీటి ఉపయోగం ఎంతటిదో మధ్యాహ్నం వేళ అక్కడి వరుసలు చూస్తే తెలుస్తుంది. అయితే ఆ వరుసలో ఎండకు నిలబడగలిగినవారికే ఆ భోజనం. నిలబడలేనివారి తరఫున ఎవరో ఒకరు వెళ్లాలి. స్వచ్ఛంద సేవకుని పని ఇక్కడ మొదలవుతుంది.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయడం అవసరం. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ, వార్డు వాలంటీర్ల వ్యవస్థ ప్రవేశపెట్టిన తరువాత ‘వాలంటీరు’ అనే మాటకు జనవ్యవహారంలో ప్రభుత్వ గౌరవ వేతనంపై పనిచేసే వ్యక్తి అనే అర్థం స్థిరపడింది. ఈ వ్యాసంలో ఆ మాటను వాడకపోవడానికి కారణం అదే. ఇక్కడ ప్రస్తావించే సేవకులు జీతభత్యాలు లేనివారు. కళాశాల విద్యార్థులు, విశ్రాంత ఉద్యోగులు, గృహిణులు, ఆలయ, చర్చి, మసీదు కమిటీల సభ్యులు, జాతీయ సేవా పథకం విద్యార్థులు వీరిలో ఉన్నారు.

దాత తిథి, వృద్ధుని ఆకలి

దానంగా వచ్చే ఆహారంలో అత్యధిక భాగం శుభకార్యాలలో మిగిలినదే. ఒక కల్యాణమండపంలో 800 మందికి వండితే 600 మంది వచ్చిన సందర్భాలు సర్వసాధారణం. మిగిలినదాన్ని పారబోయకుండా ఆకలిగొన్నవారికి చేర్చాలన్న సంకల్పంతో అనేక బృందాలు పనిచేస్తున్నాయి. 2014లో ఢిల్లీలో మొదలై హైదరాబాదు సహా ఎన్నో నగరాలకు విస్తరించిన రాబిన్‌హుడ్ ఆర్మీ వీటిలో ఒకటి. నగదు విరాళాలు స్వీకరించకపోవడం ఆ సంస్థ పెట్టుకున్న నియమం. హోటళ్లలో మిగిలిన ఆహారాన్ని తీసుకుని మురికివాడలలో, రోడ్ల పక్కన ఉన్నవారికి పంచడం వారి పని.

ఈ కృషి ప్రశంసనీయమే. కాని ఒంటరి వృద్ధుల విషయానికి వస్తే ఇందులో ఒక చిక్కు ఉంది. మిగులు ఆహారం దాత పంచాంగాన్ని అనుసరించి వస్తుంది. మాఘంలో, ఫాల్గుణంలో, శ్రావణంలో ముహూర్తాలు ఉన్నన్నాళ్లు ఒకే రాత్రి నాలుగు మండపాల నుంచి ఫోన్లు వస్తాయి. పులిహోర, బూరెలు, గుత్తివంకాయ కూర గంగాళాలతో మిగిలి ఉంటాయి. ఆషాఢం వచ్చినా, మూఢం పట్టినా నెలల తరబడి ఒక్క ఫోనూ రాదు. వృద్ధురాలి ఆకలికి మాత్రం మూఢం లేదు. పైగా పెళ్లి భోజనం మిగిలినట్టు తెలిసేది రాత్రి 10 గంటల తరువాత. ఆ వేళకు ఆమె నిద్రపోయి ఉంటుంది. లేపి పులిహోర పొట్లం చేతికిచ్చినా, నూనె, చింతపండు, కారం నిండిన ఆ ఆహారం ఆమె కడుపుకు పడదు.

దాతల జన్మదినాలు, పెద్దల వర్ధంతులు, నాయకుల పుట్టినరోజులు కూడా ఇటువంటివే. అక్టోబరు 1న అంతర్జాతీయ వృద్ధుల దినోత్సవం నాడు కొన్ని వృద్ధాశ్రమాలకు మధ్యాహ్నంలోగా మూడు బృందాలు మూడు రకాల మిఠాయిలతో వస్తాయి. మర్నాడు ఎవరూ రారు. సంవత్సరంలో ఒక రోజు మూడు భోజనాలు పెట్టడం కంటె 100 రోజులు ఒక పూట పెట్టడం వృద్ధులకు ఎక్కువ మేలు చేస్తుందన్నది ఈ రంగంలో పనిచేసే ఎవరినడిగినా చెప్పే మాట. శుభకార్యాల మిగులును ఆకలితో ఉన్న యువకులకు, పిల్లలకు, వలస కూలీల గుడారాలకు చేర్చడం సముచితం. ఒంటరి వృద్ధులకు కావలసినది వారి కోసం వండినది, వేళకు వచ్చేది, రేపు కూడా వస్తుందన్న నమ్మకం కలిగించేది.

వేళ అన్న మాటను ఇక్కడ లాంఛనంగా వాడలేదు. మధుమేహానికి ఇన్సులిన్ తీసుకునేవారికి భోజనానికి ముందు సూది పడుతుంది. 12 గంటలకు వస్తుందనుకున్న అన్నం 2 గంటలకు వస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయి చెమటలు పట్టి స్పృహ తప్పవచ్చు. ఒంటరిగా ఉన్న మనిషికి ఆ స్థితిలో గుక్కెడు చక్కెర నీళ్లు పట్టేవారు కూడా ఉండరు. ఆలస్యం కానున్నట్టు తెలిసిన వెంటనే ఫోన్ చేసి చెప్పడం, చేరిన తరువాతే సూది వేసుకోమనడం సేవకులు పాటించవలసిన మొదటి నియమాలలో ఒకటి.

పిడికెడు బియ్యం లెక్క

రోజూ వండి పెట్టాలంటే ఖర్చు భరించడం ఎలా? దీనికి మన ఇళ్లలో పాత పద్ధతి ఒకటి ఉంది. రోజూ అన్నానికి బియ్యం కొలిచేటప్పుడు ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. నెలాఖరుకు ఆ కుండ ధర్మకార్యానికి వెళ్లేది. స్వాతంత్ర్యోద్యమ కాలంలో ఈ పిడికెడు బియ్యంతోనే ఎన్నో విద్యాసంస్థలు, ఆశ్రమాలు నడిచాయి. పిడికెడు అంటే సుమారు 50 గ్రాములనుకుందాం. 100 ఇళ్లు ఈ నియమం పాటిస్తే నెలకు 150 కిలోలు పోగవుతాయి. ఒక వృద్ధుడికి పూటకు 100 గ్రాముల బియ్యం సరిపోతుంది. ఆ లెక్కన 50 మందికి నెల పొడవునా ఒక పూట అన్నానికి బియ్యం సమకూరినట్టే. 100 ఇళ్లంటే ఒక మోస్తరు అపార్టుమెంటు సముదాయం. ఇంటికి పిడికెడు ఇచ్చినందువల్ల ఎవరి కంచంలోనూ అన్నం తగ్గదు.

పప్పు, నూనె, కూరగాయలు, వంటచెరకు లేదా గ్యాసు ఖర్చు మాత్రం నగదుగానే సమకూర్చుకోవలసి ఉంటుంది. చాలాచోట్ల రెండు పద్ధతులు కనిపిస్తాయి. ఒకచోట అందరికీ వండి పంచడం మొదటిది. వంతులవారీగా ఇళ్లలో వండించడం రెండవది. మొదటి పద్ధతి సంఖ్య పెరిగినప్పుడు అనుకూలం, పర్యవేక్షణ సులభం. చిన్న ఊళ్లలో మాత్రం రెండవదే మేలు. సోమవారం ఒక ఇల్లు, మంగళవారం ఒక ఇల్లు తమ వంటతోపాటు మరొకరికి రెండు గరిటెలు ఎక్కువ వండుతాయి. ఇందులో వంటమనిషి జీతం లేదు, అదనపు గ్యాసు ఖర్చు నామమాత్రం. అన్నింటికంటె ముఖ్యంగా, ఆ ఇంటి ఇల్లాలికి ఆ వృద్ధురాలు లబ్ధిదారుగా కాక మనిషిగా పరిచయమవుతుంది.

ఒక్కొక్కరికి రెండు క్యారేజీలు కేటాయించడం ఆచరణలో తేలిన మంచి పద్ధతి. నేటి క్యారేజీ ఇచ్చి నిన్నటి ఖాళీది తీసుకువస్తారు. ప్లాస్టిక్ సంచులలో వేడి పప్పు పోయించుకునే దురవస్థ తప్పుతుంది. ఖాళీ గిన్నె మరొక విషయం కూడా చెబుతుంది. కూర తిన్నారా, వదిలేశారా, అన్నం సగమే తింటున్నారా అన్నది అందులో తెలుస్తుంది. వారం రోజులుగా గిన్నె నిండుగా తిరిగి వస్తున్నదంటే పళ్లు పాడై ఉండవచ్చు, జ్వరం కావచ్చు, దిగులు కావచ్చు. అనుభవజ్ఞులైన సేవకులు వృద్ధుల ఆరోగ్యాన్ని ముందుగా గిన్నెలోనే చదువుతారు.

వంట సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. మెత్తగా ఉడికిన అన్నం, పెసరపప్పు లేదా కందిపప్పు, గుజ్జుగా చేసిన ఆనపకాయ, బీరకాయ, పొట్లకాయ వంటి కూర, పలుచని చారు, మజ్జిగ. ఉప్పు, కారం, నూనె తగ్గించాలి. ఆవకాయ పంపకపోవడమే మంచిది, అయినా చాలామంది అడుగుతారు. పరిమితంగా ఇవ్వడంలో తప్పులేదు కాని రక్తపోటు ఉన్నవారి విషయంలో సేవకులు కొంచెం కాఠిన్యం వహించాలి. పండుగ నాడు పాయసం పంపేటప్పుడు ఎవరికి చక్కెర పడదో జాబితాలో ముందే గుర్తించి ఉండాలి.

ఆహార భద్రత

దానం చేసిన అన్నమైనా అమ్మిన అన్నమైనా సూక్ష్మజీవులు తేడా చూపవు. వయసు మళ్లినవారిలో రోగనిరోధక శక్తి తక్కువ కనుక యువకుడు ఒక పూట విరేచనాలతో తట్టుకునే ఆహార దోషం వృద్ధుని ఆసుపత్రి పాలు చేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల ప్రకారం వండిన ఆహారాన్ని గది ఉష్ణోగ్రతలో 2 గంటలకు మించి ఉంచరాదు. వేడి ఆహారం 60 డిగ్రీల సెల్సియస్‌కు పైన, చల్లని ఆహారం 5 డిగ్రీల లోపు ఉండాలి. ఈ రెంటికీ నడుమ క్రిములు వేగంగా పెరుగుతాయి. అన్నం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. బియ్యంలో ఉండే ఒక జాతి సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే అవి మొలకెత్తి విషపదార్థాన్ని తయారుచేస్తాయి. ఆ విషం తిరిగి వేడి చేసినా నశించదు. ‘వేడి చేసి తింటే ఏమీ కాదు’ అనే నమ్మకం అందుకే ప్రమాదకరమైనది.

మిగులు ఆహారం సేకరణ, పంపిణీకి సంబంధించి ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2019లో ప్రత్యేక నిబంధనలు జారీ చేసింది. ఇవి 2020 జులై నుంచి అమలులోకి వచ్చాయి. దాత మిగులు ఆహారాన్ని వేరుచేసి శుభ్రమైన పాత్రలలో ఉంచాలి, దాని వివరాలు పాత్రపై రాయాలి, పంపిణీ చేసేవారు ఎక్కడి నుంచి తెచ్చారో, ఎక్కడ ఇచ్చారో నమోదు చేసుకోవాలన్నది వీటి సారాంశం. వండిన గంట, సేకరించిన గంట, అందజేసిన గంట అనే మూడు గడులు గీసిన చిన్న పుస్తకం ఉంటే చాలు, ఈ నమోదు పని సులభమవుతుంది. కొబ్బరి పచ్చళ్లు, పెరుగన్నం, పాల మిఠాయిలు మన వేసవిలో తొందరగా చెడిపోతాయి. వాటిని స్వీకరించకపోవడమే శ్రేయస్కరం. దాత నొచ్చుకున్నా సరే.

తలుపు తట్టే చేయి

ఆహారం సాకు మాత్రమేనని, అసలు సేవ తలుపు తట్టడమేనని అనుభవం ఉన్నవారు అంటారు. ఈ మాటలో అతిశయోక్తి లేదు. ఉద్యోగరీత్యా కోనసీమ ప్రాంతంలో పర్యటించినప్పుడు ఒక భోజన బృందం వెంట ఈ రచయిత కొన్ని ఇళ్లకు వెళ్లడం జరిగింది. ఒక పెంకుటింటి అరుగు మీద 80 ఏళ్లు దాటిన మామ్మగారు క్యారేజీ తీసుకుని పక్కన పెట్టి, తెచ్చిన విద్యార్థిని కూర్చోమన్నారు. పరీక్షలు ఎప్పుడని అడిగారు, ఊళ్లో నీళ్లు వచ్చాయా అని అడిగారు, రాత్రి మీ ఇంట్లో ఏమి కూర అని అడిగారు. ‘అన్నం చల్లారిపోతుంది మామ్మగారూ’ అని ఆ అబ్బాయి అంటే, ‘అన్నం ఎక్కడికి పోతుంది నాయనా, నువ్వు పోతావు గాని’ అన్నారు. ఇంకా 14 ఇళ్లు తిరగవలసిన ఆ అబ్బాయి గడియారం చూసుకుంటూనే మరో ఐదు నిమిషాలు కూర్చున్నాడు. ఇంటికి ఐదు నిమిషాల చొప్పున కేటాయించని ప్రణాళిక కాగితం మీద ఎంత చక్కగా ఉన్నా అసంపూర్ణమే.

తలుపు తట్టినప్పుడు పలకకపోతే ఏమి చేయాలన్నది ప్రతి బృందం ముందుగానే నిర్ణయించుకోవాలి. క్యారేజీ గుమ్మంలో పెట్టి వెళ్లిపోవడం తగదు. పొరుగువారిని అడగాలి, ఫోన్ చేయాలి, కిటికీలోంచి చూడాలి, అవసరమైతే 108కి, పోలీసులకు తెలపాలి. స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగిన మనిషి గంటల తరబడి నేల మీద ఉండిపోయే ప్రమాదం ఒంటరి ఇళ్లలో ఎప్పుడూ పొంచి ఉంటుంది. రోజుకు ఒక్కసారైనా ఎవరో వస్తారంటే ఆ నిరీక్షణ అంతకు మించదు.

హక్కుగా రావలసినవి రాకపోతే కనిపెట్టేది కూడా ఈ సేవకులే. దశాబ్దాల పాటు నాట్లు వేసి, గిన్నెలు తోమిన చేతులకు వయసుతో వేలిముద్రలు అరిగిపోతాయి. రేషను యంత్రం గుర్తించదు. ‘మిషను పడలేదన్నారు బాబూ’ అని వృద్ధురాలు ఊరుకుంటుంది, అది తన తప్పే అయినట్టు. కనుపాప ద్వారా గుర్తింపు సదుపాయం ఉన్నదని, వేలిముద్ర పడలేదన్న కారణంతో అర్హులకు సరుకులు నిరాకరించరాదని కేంద్ర ఆహార శాఖ 2017లోనే రాష్ట్రాలకు సూచించిందని ఆమెకు ఎవరు చెబుతారు? ఒక సేవకుడు ఆమెతోపాటు దుకాణానికి వెళ్లి, లేదా తహసీల్దారు కార్యాలయంలో ఒక అర్జీ రాసి ఇస్తే నెలల సమస్య పరిష్కారమవుతుంది. పింఛను మంజూరు, ఆధార్ సవరణ, కంటి శుక్లాల శస్త్రచికిత్స, వినికిడి యంత్రం వంటి పనులన్నీ ఈ విధంగా అన్నం గిన్నె వెంబడి బయటపడేవే.

2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం గురించి పిల్లలపై ఫిర్యాదు చేసే చట్టంగానే జనంలో ప్రచారం ఉంది. దాని అమలుకు కేంద్రం రూపొందించిన నమూనా నియమావళిలో స్వచ్ఛంద సేవకులకు సంబంధించిన ముఖ్యమైన అంశం ఉన్నదని చాలామందికి తెలియదు. ప్రతి పోలీసు స్టేషను తన పరిధిలోని వయోవృద్ధుల జాబితాను, ముఖ్యంగా ఒంటరిగా ఉండేవారి వివరాలను ఉంచుకోవాలి. పోలీసు ప్రతినిధి వీలైనంతవరకు ఒక సామాజిక కార్యకర్తను లేదా స్వచ్ఛంద సేవకుని వెంటబెట్టుకుని నెలకు ఒకసారైనా వారిని చూసి రావాలి. స్టేషను పరిధిలో సేవకుల కమిటీలు ఉండాలి. భోజన బృందం వద్ద ఉన్న జాబితా, స్టేషనులో ఉండవలసిన జాబితా ఒకటే. ఈ రెండూ కలిసిన చోట పని సగం పూర్తయినట్టే.

జాబితా విలువ విపత్తులో మరింత తెలుస్తుంది. 2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరు పొంగి విజయవాడలో అజిత్‌సింగ్‌నగర్, పరిసర కాలనీలు మునిగినప్పుడు ఆహార పొట్లాలకు కొదవ రాలేదు. రాష్ట్రం నలుమూలల నుంచి వచ్చాయి. పడవలు, ట్రాక్టర్లు, హెలికాప్టర్లు, చివరకు డ్రోన్ల ద్వారా కూడా పంపిణీ జరిగింది. కష్టమైనది చివరి వీధులకు, మేడ దిగలేని వారికి చేర్చడం. ప్రధాన రహదారిపై ట్రాక్టరు వద్దకు ఈదుతూ వచ్చిన యువకునికి పొట్లం దొరికింది. లోపలి వీధిలో రెండవ అంతస్తులో ఉన్న వృద్ధ దంపతుల కేక ఇంజను హోరులో వినిపించలేదు. ఏ ఇంట్లో, ఏ అంతస్తులో నడవలేని మనిషి ఉన్నారో ముందే రాసి పెట్టుకున్న వీధి ఆ మూడు రోజులలో మిగతా వీధుల కంటె అదృష్టవంతమైనది.

గౌరవం, జాగ్రత్తలు

పంపిణీ కార్యక్రమాల ఛాయాచిత్రాలు పత్రికలకు పంపడం సమాచార పౌరసంబంధాల శాఖ దైనందిన విధులలో ఒకటి. అయినప్పటికీ ఒక సూచన చేయక తప్పదు. శిబిరం ప్రారంభోత్సవానికి ఛాయాచిత్రం తీయవచ్చు. గడప వద్ద అన్నం గిన్నె అందుకుంటున్న వృద్ధురాలిని తీయకూడదు. పైన చెప్పిన రెండవ వర్గం వారు, అంటే పరువు కోసం ఆకలి దాచుకునేవారు, ఒక్క ఫోటో కనబడితే తలుపు మూసేస్తారు. వారి మనుమలు అమెరికాలో సెల్‌ఫోనులో ఆ బొమ్మ చూడటం వారికి ఆకలికంటె కష్టం. స్తోమత ఉన్నవారి నుంచి నామమాత్రపు సొమ్ము తీసుకోవడం కూడా మంచిదే. నెలకు కొంత చెల్లిస్తున్నామన్న భావన వారిని తలెత్తుకునేలా చేస్తుంది, ఆ సొమ్ము చెల్లించలేనివారి భోజనానికి ఉపయోగపడుతుంది.

వృద్ధుల భద్రత దృష్ట్యా కొన్ని నియమాలు తప్పనిసరి. సేవకులకు గుర్తింపు కార్డులు ఉండాలి. మొదటి కొన్ని వారాలు ఇద్దరేసి వెళ్లాలి. ఏటీఎం కార్డు, రహస్య సంఖ్య, బ్యాంకు పుస్తకం, సంతకం పెట్టిన కాగితాలు ఎంత చనువున్నా స్వీకరించకూడదు. మందులు కొని తెచ్చినప్పుడు రసీదుతో సహా చిల్లర లెక్క చెప్పాలి. వృద్ధులు సేవకులను మనుమలుగా భావించి ఆస్తి విషయాలు, కుటుంబ తగాదాలు చెప్పుకోవడం సహజం. వినడం వరకే సేవకుని పని. తీర్పు చెప్పడానికి చట్టప్రకారం ఆర్డీఓ స్థాయి అధికారి అధ్యక్షతన ట్రిబ్యునళ్లు ఉన్నాయి.

విద్యార్థుల విషయంలో మరొక ఇబ్బంది ఉంది. పరీక్షలు, సెలవులు రాగానే బృందం సగమవుతుంది. జాతీయ సేవా పథకంలో విద్యార్థి ఏడాదికి 120 గంటల సేవ చేయవలసి ఉంటుంది. ఈ గంటలను ఒకే శిబిరంలో ఖర్చు చేయకుండా వారానికి రెండు మూడు గంటల చొప్పున ఒకే ఇంటికి కేటాయిస్తే వృద్ధులకు ముఖపరిచయం నిలుస్తుంది. ఏప్రిల్, మే నెలలలో వారి స్థానంలో విశ్రాంత ఉపాధ్యాయులు, ఉద్యోగులు బాధ్యత తీసుకునేలా ముందే వంతులు వేసుకోవాలి. ఎండలు మండే ఆ నెలలే వృద్ధులకు అత్యంత కష్టకాలం. మజ్జిగ, మంచినీరు, ఉప్పు కలిపిన నిమ్మరసం అన్నంతోపాటు చేరవలసిన సమయం అది.

ఈ సేవ ఆరంభించదలచినవారు ముందుగా తమ వీధిలో ఒంటరిగా ఉన్నవారిని, నడవలేనివారిని గుర్తించి, వారి అంగీకారంతో, పది మందికి మించకుండా మొదలుపెట్టడం మంచిది. వార్డు లేదా గ్రామ సచివాలయం, అంగన్‌వాడీ కార్యకర్త, ఆశా కార్యకర్త, తపాలా బంట్రోతు ఈ వివరాలు బాగా తెలిసినవారు. క్రమబద్ధంగా ఆహారం పంపిణీ చేసే సంస్థలు జిల్లా ఆహార భద్రతా అధికారిని సంప్రదించి నమోదు చేయించుకోవాలి. వృద్ధాశ్రమాల వివరాలు, ట్రిబ్యునల్ ఫిర్యాదుల విధానం కొరకు జిల్లా వయోవృద్ధుల సంక్షేమ శాఖ కార్యాలయాన్ని సంప్రదించవచ్చు. వేధింపులు, నిరాదరణ, పింఛను సమస్యలు, ఆశ్రయం లేని వృద్ధుల సమాచారం తెలియజేయడానికి జాతీయ వయోవృద్ధుల సహాయవాణి 14567 ఉంది. 2021 అక్టోబరు 1న జాతికి అంకితమైన ఈ ఉచిత ఫోను ఉదయం 8 గంటల నుంచి రాత్రి 8 గంటల వరకు పనిచేస్తుంది. తెలుగులోనే మాట్లాడవచ్చు. వృద్ధుల తరఫున పొరుగువారు, సేవకులు కూడా ఫోన్ చేయవచ్చు.